నగల ఫోటోలు బాగా రావాలా? కొత్త ఫోన్ కాదు, ముందు లైట్ చూడండి

నగల ఫోటోల కోసం ఏ ఫోన్ కొనాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టి వన్ గ్రామ్ గోల్డ్ అమ్మే ఫ్రెండ్స్, వాట్సాప్ గ్రూపుల్లో అమ్మే చుట్టాలు, అందరిదీ ఇదే ప్రశ్న. బడ్జెట్ 30 వేలు అనేవాళ్లున్నారు, లక్ష పెడతానన్నవాళ్లూ ఉన్నారు. నా జవాబు మాత్రం మారదు. మీ ఫోన్ నాలుగైదేళ్ల లోపు కొన్నదైతే దాన్నే వాడండి. ఆ డబ్బులో కొంచెం తీసి ఒక మంచి ఎల్‌ఈడీ లైటు, ఒక ట్రైపాడ్, స్టేషనరీ షాపులో దొరికే ట్రేసింగ్ పేపర్ కొనండి.

ఇది లైక్‌ల గొడవ మాత్రమే కాదు. మా పిన్ని మచిలీపట్నంలో ఉంటుంది. అక్కడి చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకి ఎప్పట్నుంచో పేరు. పిన్ని తయారీవాళ్ల దగ్గర సెట్లు తెచ్చి వాట్సాప్‌లో అమ్ముతుంది. ఒక్కో సెట్ మీద మిగిలేది వంద, రెండొందలు. ఒకసారి కాసుల పేర్లు వరుసగా ఐదు వెనక్కి వచ్చాయి. వస్తువులో ఏ లోపమూ లేదు. “ఫోటోలో ఎర్ర బంగారంలా ఉంది, చేతికొచ్చాక ఇత్తడిలా ఉంది” అని కంప్లయింట్. రానూపోనూ కొరియర్ ఖర్చు పిన్నిదే, అంటే ఒక్క రిటర్న్‌తో రెండు సెట్ల లాభం పోయినట్టు. దానికంటే పెద్ద దెబ్బ ఏంటంటే, గ్రూపులో ఎవరో “ఈవిడ ఒకటి చూపించి ఇంకోటి పంపుతుంది” అనేశారు. పిన్ని దగ్గరున్నది 64 మెగాపిక్సెల్ ఫోన్. కెమెరాలో ఏ తప్పూ లేదు.

ఫోటోలో పడేది గది

నూలు చీర మీద లైటు పడితే ఆ కాంతి అన్ని వైపులకీ చెదురుతుంది. ఏ మూల నుంచి చూసినా చీర రంగు చీర రంగులాగే ఉంటుంది. మెరుగు పెట్టిన లోహం అలా కాదు. అది అద్దం. కాంతి ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో వెళ్లిపోతుంది. పదో తరగతి ఫిజిక్స్‌లో చదివిన పతన కోణం, పరావర్తన కోణం ఇక్కడ పనికొస్తాయి. గాజు అంటే వంపు తిరిగిన అద్దం కాబట్టి దాదాపు గది మొత్తం అందులో ఇరుక్కుని కనిపిస్తుంది. తెల్ల గోడ ఉన్నచోట లేత బంగారు రంగు, తలుపు ఉన్నచోట ముదురు గోధుమ రంగు, ఫోన్ ఉన్నచోట ఒక నల్ల చతురస్రం. మీరు ఎర్ర టీషర్ట్ వేసుకుని ఫోటో తీస్తే ఆ ఎరుపు కూడా వచ్చి కూర్చుంటుంది.

పిన్ని వాళ్ల హాలు గోడలకి గులాబీ రంగు. పైన వార్మ్ వైట్ బల్బు. కాసుల మీద ఎర్రదనం అక్కణ్ణుంచి వచ్చింది.

దీనికి ఫోన్ సాఫ్ట్‌వేర్ ఇంకొంత తోడవుతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ పాతకాలం నుంచీ నమ్ముకున్న ఒక లెక్క ఉంది: ఫ్రేమ్‌లోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే దాదాపు బూడిద రంగు రావాలి అని. ఇప్పటి ఫోన్లు దీనికంటే చాలా తెలివైనవే, మెషీన్ లెర్నింగ్ మోడల్స్ కూడా వాడతాయి. కానీ చివరికి అదీ ఒక అంచనాయే. ఫ్రేమ్ నిండా బంగారం పెడితే “లైటు మరీ పసుపుగా ఉందేమో” అనుకుని రంగుని నీలం వైపు లాగొచ్చు. అదే నగని ఎర్ర వెల్వెట్ మీద పెడితే ఇంకో వైపు లాగొచ్చు. అందుకే ఒకే సెట్‌కి పది ఫోటోలు తీస్తే పది రకాల బంగారం కనిపిస్తుంది. అంటే మనం చేయాల్సిన పనులు రెండు. నగ చుట్టూ ఉన్న గదిని మాయం చేయాలి, రంగు విషయంలో ఫోన్‌కి అంచనా వేసే అవకాశం ఇవ్వకూడదు.

ట్రేసింగ్ పేపర్ కోన్

గదిని మాయం చేయడానికి నేను వాడే పద్ధతి కోన్. ప్రొడక్ట్ ఫోటోగ్రాఫర్లు ఎప్పట్నుంచో వాడుతున్నదే. ఏ2 సైజు ట్రేసింగ్ పేపర్ తీసుకోండి, కాస్త మందంగా 90 జీఎస్ఎం ఉంటే నిలబడుతుంది. దాని మీద 29 సెం.మీ వ్యాసార్ధంతో అర్ధవృత్తం గీసి కత్తిరించండి. అర్ధవృత్తం మధ్య బిందువు దగ్గర 2.5 సెం.మీ వ్యాసార్ధంతో ఇంకో చిన్న అర్ధవృత్తం తీసేయండి. ఇప్పుడు చుట్టి టేప్ వేస్తే అడుగున దాదాపు 29 సెం.మీ వెడల్పు, పైన పది రూపాయల నాణెమంత రంధ్రం ఉన్న కోన్ వస్తుంది. ఎత్తు ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు. నగని లోపల పెట్టి, ఫోన్ లెన్స్ ఆ రంధ్రం మీదకి వచ్చేలా ట్రైపాడ్ అడ్డ చేతికి బిగించండి. లైటు బయట ఉంటుంది. నగకి ఇప్పుడు కనిపించేది ఒక్కటే, మెరిసే తెల్ల కాగితం. మా పిన్ని చూసి “ఇదేంట్రా, నగలకి దోమతెర కట్టావ్?” అంది. పని అచ్చం అదే.

డీఎస్ఎల్ఆర్ కంటే ఫోన్ గెలిచే చోటు ఇది. డీఎస్ఎల్ఆర్ లెన్స్ ముందు భాగం ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. కోన్‌కి అంత రంధ్రం పెడితే ఆ నల్ల గుండ్రం నగలో ప్రతిబింబంగా పడుతుంది. ఫోన్ లెన్స్‌కి చిన్న కన్నం చాలు.

కాసులాంటి బల్లపరుపు వస్తువుల విషయంలో మాత్రం జాగ్రత్త. గాజు గదంతా చూస్తుంది, కాసు ఒక్క దిక్కే చూస్తుంది. లెన్స్‌కి సరిగ్గా ఎదురుగా పడుకోబెడితే ఆ కన్నమే అందులో నల్లగా కనిపిస్తుంది. కింద చిన్న మైనం ముద్ద పెట్టి కాస్త వంచండి చాలు, నలుపు పోయి తెలుపు వస్తుంది. ఉంగరాలు నిలబెట్టడానికీ మైనమే. జూకాలకి సన్నటి చేపల గాలం దారం కట్టి వేలాడదీసి, అప్పుడు పక్క నుంచి తీయాలి.

ఇంకో చిక్కు ఉంది. అన్ని వైపులా తెలుపు చుట్టేస్తే మచ్చలు పోతాయి కానీ బంగారం పసుపు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. లోహం లోహంలా కనిపించాలంటే కొంచెం నలుపు కావాలి. నల్ల చార్ట్‌లోంచి వేలెడు వెడల్పు ముక్క కత్తిరించి కోన్ లోపల ఒక పక్కన అంటించండి. గాజు అంచున సన్నటి ముదురు గీత పడుతుంది, దాంతో ఆకారం ఒక్కసారిగా లేస్తుంది. ఆ ముక్కని అటూ ఇటూ జరుపుతూ గీత ఎక్కడ బాగుందో చూసుకోండి. ఈ సెటప్ మొత్తంలో నాకు సరదాగా అనిపించే పని ఇదే. నక్షీ పని ఉన్న నగలకైతే ఈ ముక్క అవసరం తక్కువ. వాటికి లైటు ఒక పక్క నుంచి మాత్రమే వస్తే లక్ష్మీదేవి బొమ్మ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

పొడవాటి హారం కోన్‌లో పట్టదు. దానికి పెద్ద అట్టపెట్టె తీసుకుని మూడు వైపులా కిటికీల్లా కోసి ట్రేసింగ్ పేపర్ అంటించండి, వెనక నుంచి కిందకి తెల్ల చార్ట్ వంపుగా వేయండి. ఆన్‌లైన్‌లో దొరికే మడత లైట్ బాక్సుల గురించి కూడా అడుగుతారు. బట్టలకి, బొమ్మలకి పర్లేదు. నగలకి మాత్రం నేను చెప్పను. పైన ఉండే ఎల్‌ఈడీ స్ట్రిప్‌కి సరైన డిఫ్యూజర్ లేకపోతే ఆ చుక్కలన్నీ గాజు మీద వరుసగా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వస్తాయి. రింగ్ లైట్ ఇంకా ఘోరం. ముత్యాల దండ తీస్తే ప్రతి ముత్యం మీదా ఒక గుండ్రటి సున్నా.

లైటు ఎక్కడ, ఎలాంటిది

ఒక్క లైటు చాలు. రెండోవైపు తెల్ల థర్మకోల్ షీట్ నిలబెడితే అది వెలుగుని వెనక్కి కొడుతుంది. లైటుని కాగితానికి దగ్గరగా పెడితే కాగితం మీద ఒకచోట ఎక్కువ వెలుగు పడి పక్కలకి మెల్లగా తగ్గుతుంది. ఆ తగ్గుదలే నగ మీద వంపులా కనిపిస్తుంది. దూరం జరిపితే కాగితమంతా సమంగా వెలుగుతుంది, నగ చదునుగా అనిపిస్తుంది. నేను 20 సెం.మీ దగ్గర మొదలుపెడతాను. దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది, కాబట్టి లైటు జరిపిన ప్రతిసారీ ఎక్స్‌పోజర్ మళ్లీ చూసుకోవాలి.

లైటు కొనేటప్పుడు వాట్స్ కంటే ముందు సీఆర్‌ఐ చూడండి. సూర్యకాంతితో పోలిస్తే ఈ లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే నంబర్ అది, గరిష్ఠం 100. మామూలు ఇంటి ఎల్‌ఈడీ బల్బులు ఎక్కువగా 80 దగ్గర ఉంటాయి. వీడియో లైట్లలో 95 పైన ఉన్నవి తేలిగ్గానే దొరుకుతాయి. దీంట్లో ఒక మెలిక ఉంది. మామూలుగా రాసే సీఆర్‌ఐ ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపుకి ఆర్9 అని వేరే నంబర్ ఉంది, అది ఆ సగటులో లేదు. అంటే సీఆర్‌ఐ 80 అని గొప్పగా రాసుకున్న బల్బుకి ఆర్9 సున్నా దగ్గర ఉండే అవకాశం ఉంది. అలాంటి లైటు కింద కెంపులు ఎండిన చింతపండులా కనిపిస్తాయి. తర్వాత ఎడిటింగ్‌లో ఎరుపు పెంచితే కెంపులతో పాటు బంగారం కూడా ఎర్రబడుతుంది, అంటే మళ్లీ మొదటికే వస్తాం. స్పెసిఫికేషన్లలో ఆర్9 విడిగా రాసిన లైటు కనిపిస్తే దానికే ఓటు.

పగలైతే నీడవైపు కిటికీ వెలుగు ఏ లైటుకీ తీసిపోదు, పైగా ఫ్రీ. కానీ కిటికీ వెలుగు వాడుతుంటే గదిలో ట్యూబ్‌లైటూ బల్బూ ఆర్పేయండి. రెండు రంగుల కాంతి కలిస్తే నగకి ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు పడుతుంది. దాన్ని ఏ యాప్ కూడా శుభ్రంగా విడదీయలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ఫోటోలో అడ్డచారలు రావు.

రాళ్లు, ముత్యాలు వేరే దారి

పైన చెప్పినదంతా లోహానికి. డైమండ్‌నీ సీజెడ్ రాళ్లనీ పూర్తిగా కోన్‌లో పెడితే గాజు పెంకుల్లా చచ్చిపోయి కనిపిస్తాయి. డైమండ్ వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్లిన కాంతి ముఖాల మధ్య తిరిగి తిరిగి పైకి వస్తుంది. ఆ తళుకు కనిపించాలంటే వెలుగు ఒక చిన్న బిందువు నుంచి రావాలి, చుట్టూ కొంత చీకటి ఉండాలి. అందుకే కోన్ పక్కన పెన్సిల్ దూరేంత కన్నం పెట్టి, దానిలోంచి ఇంకో ఫోన్ టార్చ్ కొట్టండి. లోహానికి మెత్తని వెలుగు, రాయికి సూటి వెలుగు, రెండూ ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి. సీజెడ్ కాంతిని రంగులుగా విడదీసే గుణం డైమండ్ కంటే ఎక్కువ, సుమారు 0.06 అయితే డైమండ్‌ది 0.044. కాబట్టి అసలు డైమండ్ ఫోటోలో ఇంద్రధనుస్సు రంగులు ఎడిట్ చేసి పెంచితే తెలిసినవాళ్లకి అది సీజెడ్‌లా అనిపిస్తుంది. లాడ్ బజార్ లక్క గాజుల్లో పొదిగే అద్దాలకీ, రాళ్లకీ ఈ టార్చ్ పద్ధతే.

హైదరాబాద్ ముత్యాలకి కోన్ తీసి పక్కన పెట్టేయండి. ముత్యం మెరుపు దాని పైపొరల్లోంచి వస్తుంది. అన్ని వైపులా తెల్లటి వెలుగు నింపితే సుద్దముక్కలా తయారవుతుంది. ఒక పక్క నుంచి లైటు, దాని ముందు చేతిరుమాలంత ట్రేసింగ్ పేపర్, రెండో పక్క ఏమీ లేకుండా చీకటి. ప్రతి ముత్యం మీదా ఒకే మెత్తటి మెరుపు చుక్క, ఆ పక్కన మెల్లగా ముదిరే నీడ. కొనేవాళ్లు ముత్యం నాణ్యతని ఆ మెరుపు అంచు ఎంత స్పష్టంగా ఉందో చూసి అంచనా వేస్తారు, దాన్ని చెరపకూడదు.

ఇక ఫోన్ సంగతి

దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లు వాటంతట అవే అల్ట్రావైడ్ మ్యాక్రోకి మారిపోతాయి. ఐఫోన్ 13 ప్రోతో ఆపిల్ తెచ్చిన మ్యాక్రో 2 సెం.మీ దూరంలో కూడా ఫోకస్ చేస్తుంది. పూలకి, పురుగులకి అద్భుతం. నగలకి ఇబ్బంది. అంత దగ్గరికి వెళ్తే ఫోనే లైటుకి అడ్డం, పైగా వైడ్ లెన్స్ వల్ల ముందున్న గుండు పెద్దగా, వెనకది చిన్నగా సాగిపోతుంది. సెట్టింగ్స్‌లో మ్యాక్రో కంట్రోల్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద పువ్వు గుర్తు వస్తుంది, దాన్ని ఆఫ్ చేసుకోవచ్చు. బడ్జెట్ ఫోన్లలో ఇచ్చే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా గురించి మాట్లాడుకోవడం టైమ్ వేస్ట్.

మెయిన్ కెమెరాని 2ఎక్స్‌లో పెట్టి 20, 25 సెం.మీ దూరం నుంచి తీయడం చాలా ఫోన్లకి సరిపోతుంది. 3ఎక్స్ టెలిఫోటో ఉన్నా, అంత దగ్గర్లో అది ఫోకస్ చేయలేక ఫోన్ మీకు చెప్పకుండా మెయిన్ కెమెరానే క్రాప్ చేసి చూపిస్తూ ఉండొచ్చు. తెలుసుకోవడం తేలిక. 3ఎక్స్ పెట్టి టెలిఫోటో లెన్స్‌ని వేలితో మూయండి. స్క్రీన్ నల్లబడకపోతే మీరు చూస్తున్నది క్రాప్. ఇంకో విచిత్రం, సెన్సార్ పెద్దదైతే నగలకి కొంచెం నష్టం కూడా. 1 అంగుళం అని చెప్పే సెన్సార్లలో (నిజంగా కొలిస్తే మూల నుంచి మూలకి సుమారు 16 మి.మీ) ఫోకస్‌లో ఉండే లోతు తక్కువ, ఉంగరం ముందు భాగం పదునుగా ఉండి వెనక భాగం మసకబారుతుంది. అలాంటి ఫోన్ ఉంటే ఇంకొంచెం వెనక్కి జరిగి తీసి క్రాప్ చేసుకోండి.

ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 50 లేదా 100, ట్రైపాడ్ ఉంది కాబట్టి షట్టర్ 1/50, టైమర్ 2 సెకన్లు. ప్రో మోడ్ లేని ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఓపెన్ కెమెరా యాప్ ఉచితం. సీన్ ఆప్టిమైజర్, ఏఐ కెమెరా లాంటివన్నీ ఆఫ్. ఎక్స్‌పోజర్ మాత్రం ఎప్పుడూ కొంచెం తక్కువగా ఉంచండి. బంగారంలో ఎరుపు ఛానెల్ అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది. వెలుగు ఎక్కువైతే ముందు ఎరుపు 255కి తగిలి ఆగిపోతుంది, ఆకుపచ్చ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఫలితంగా మెరిసే చోట్లన్నీ బంగారం నిమ్మపండు పసుపుకి జారిపోతుంది. తక్కువ వెలుగుతో తీసి తర్వాత కాస్త పెంచుకోవచ్చు కానీ 255 దగ్గర ఆగిపోయిన ఎరుపుని వెనక్కి తేలేం.

వైట్ బ్యాలెన్స్‌కి ఒక గ్రే కార్డ్ కొనండి. తెల్ల కాగితం పెడితే సరిపోదా అంటే, చాలా తెల్ల కాగితాల్లో ఇంకా తెల్లగా కనిపించడానికి బ్రైట్‌నర్లు కలుపుతారు, అవి కాస్త నీలంగా మెరుస్తాయి. దాన్ని చూసి సరిచేస్తే బంగారం పసుపు ఎక్కుతుంది. నగ పక్కన గ్రే కార్డ్ పెట్టి రా ఫార్మాట్‌లో ఒక ఫోటో తీయండి, తర్వాత కార్డ్ తీసేసి మిగతావన్నీ తీయండి. లైట్‌రూమ్ మొబైల్‌లో ఐడ్రాపర్‌తో కార్డ్ మీద తాకి, ఆ సెట్టింగ్‌ని మిగతా ఫోటోలకి కాపీ చేస్తే ఆ రోజు తీసిన బ్యాచ్ మొత్తం ఒకే రంగులో ఉంటుంది.

ఇక చెక్ చేసుకోవడం. రాత్రిపూట ఐ కంఫర్ట్, నైట్ లైట్, ట్రూ టోన్ ఇవన్నీ ఆన్‌లో ఉంటే స్క్రీనే పసుపుగా ఉంటుంది. దాన్ని చూసి ఎడిట్ చేస్తే ఫోటో నీలం అవుతుంది. అన్నీ ఆపి, డిస్‌ప్లే మోడ్ వివిడ్ నుంచి న్యాచురల్‌కి మార్చి, నగని స్క్రీన్ పక్కనే పట్టుకుని పోల్చండి. కొనేవాళ్ల స్క్రీన్ ఎలా ఉంటుందో మన చేతిలో లేదు. అందుకని పిన్ని ఇప్పుడు ప్రతి సెట్‌కీ కోన్ ఫోటోతో పాటు, పగటి వెలుగులో చేతి మీద పెట్టుకుని తీసిన ఐదు సెకన్ల వీడియో కూడా పెడుతోంది. ఎవరి చర్మం రంగు వాళ్లకి తెలుసు కాబట్టి పక్కన చెయ్యి ఉంటే బంగారం రంగు అంచనా వేయడం తేలిక. రంగు బాగోలేదని వెనక్కి పంపడం ఆ తర్వాత బాగా తగ్గింది. ఆ గ్రూపులో పడ్డ మాట మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ నొక్కండి. హోల్‌సేల్‌వాళ్లకి పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది.

నిజమైన బంగారం అమ్మేవాళ్లకి ఒక చిన్న ఉపయోగం కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. అది కంటికి ఆనదు. ఇందాక వద్దన్న అల్ట్రావైడ్ మ్యాక్రో ఇక్కడ పనికొస్తుంది. టార్చ్‌ని పై నుంచి కాకుండా దాదాపు నగ ఉపరితలానికి ఆనించినట్టు పక్క నుంచి కొట్టండి. లేజర్ గీతల అంచులకి వెలుగు తగిలి అక్షరాలు తేలతాయి. ఆ కోడ్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు కనిపిస్తాయి.

ఇంత చెప్పినా కొత్త ఫోన్ కొనే తీరతాను అనేవాళ్లకి: మెగాపిక్సెల్స్ వదిలేసి, టెలిఫోటో లెన్స్ ఎంత దగ్గర్లో ఫోకస్ చేస్తుందో చూడండి. షావోమీ 14లో 75 ఎంఎం టెలిఫోటో 10 సెం.మీ దగ్గర ఫోకస్ చేస్తుంది. ఆ తరహా టెలిమ్యాక్రో ఉన్న ఫోన్ అయితే నిజంగా తేడా ఉంటుంది. షోరూమ్‌కి వెళ్లినప్పుడు జేబులో ఒక ఉంగరం పెట్టుకెళ్లి, 3ఎక్స్‌లో దాన్ని ఫోకస్ చేసి, ఆ వేలితో మూసే టెస్ట్ అక్కడే చేసేయండి.